రెండు క్రెడిట్ల లోటు: జర్మనీ మాస్టర్స్ దరఖాస్తులో నా అనుభవం

2023 జూన్‌లో ఒక జర్మన్ విశ్వవిద్యాలయం నుంచి నాకు వచ్చిన తిరస్కరణ లేఖలో కారణం ఒక్క వాక్యంలో ఉంది. గణితంలో కనీసం 20 ఈసీటీఎస్ క్రెడిట్లు (ఐరోపాలో చదువును కొలిచే క్రెడిట్లు) ఉండవలసిన చోట నా చదువులో 18 మాత్రమే గుర్తించగలిగామని, ఆ అర్హత లేనందువల్ల దరఖాస్తును తరువాతి దశకు పంపలేదని అందులో రాశారు. నాలుగేళ్లు కష్టపడి తెచ్చుకున్న 8.1 సీజీపీఏ గానీ, చివరి ఏడాది ప్రాజెక్టు గానీ, ఇద్దరు అధ్యాపకులు ఎంతో అభిమానంతో రాసిచ్చిన సిఫారసు లేఖలు గానీ ఎవరి చేతికీ చేరలేదన్నమాట. ఆ రాత్రి నేను బీటెక్ మార్కుల మెమోలన్నీ మంచం మీద పరుచుకుని కూర్చున్నాను. నిజంగా నేను గణితం తక్కువ చదివానా అని వెతుక్కుంటూ పోతే, చదివిన సబ్జెక్టే వాళ్ల లెక్కలోకి వెళ్లలేదని తెల్లవారేసరికి అర్థమైంది. దాన్ని సరిదిద్దుకోవడానికి నాకు ఏడాది పట్టింది. అదే దారిలో వెళ్లేవాళ్లకు పనికొస్తుందనే ఉద్దేశంతో జరిగినదంతా రాస్తున్నాను.

మాది కరీంనగర్. నాన్న ఆర్టీసీలో కండక్టరు. ఇంటర్‌లో ఎంపీసీ చదివి, 2018లో హైదరాబాద్ శివార్లలో జేఎన్‌టీయూ హైదరాబాద్‌కు అనుబంధంగా ఉన్న ఒక కాలేజీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్ ఇంజనీరింగ్) బ్రాంచిలో చేరాను. ఆ ఏడాదే ఆర్18 అనే కొత్త సిలబస్ నిబంధనలు అమలులోకి వచ్చాయి. 2022లో డిగ్రీ చేతికి వచ్చాక ఒక కంపెనీలో ఉద్యోగం చేస్తూనే, కమ్యూనికేషన్స్ ఇంజనీరింగ్‌లో మాస్టర్స్ కోసం జర్మనీకి దరఖాస్తు చేయాలని నిర్ణయించుకున్నాను. సిటీలో ఒక కన్సల్టెన్సీని సంప్రదిస్తే, సీజీపీఏ 8 దాటింది కాబట్టి భయపడవలసిన పని లేదని, సిలబస్ కాపీలు ఎవరూ చదవరని చెప్పి, ఫారాలన్నీ వాళ్లే నింపిపెట్టారు. నేను ఒక్కసారైనా ఆ ఫారాన్ని మొదటి గడి నుంచి చివరి గడి దాకా చదవకుండా సంతకం చేశాను. ఆ తప్పు నాదే.

ఇక్కడ క్రెడిట్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే గొడవంతా అక్కడే ఉంది. మన దగ్గర క్రెడిట్ అంటే తరగతి గంటల లెక్క. వారానికి ఒక గంట పాఠం సెమిస్టర్ పొడవునా సాగితే ఒక క్రెడిట్, ల్యాబ్ అయితే రెండు గంటలకు ఒక క్రెడిట్. సిలబస్ పుస్తకంలో ప్రతి సబ్జెక్టు పేరు పక్కన ఎల్, టీ, పీ, సీ అని నాలుగు అక్షరాలు, వాటి కింద నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి ఏడాది మ్యాథమెటిక్స్-1 దగ్గర 3, 1, 0, 4 అని ఉంటుంది. మూడు గంటల పాఠం, ఒక గంట ట్యుటోరియల్, ల్యాబ్ లేదు, మొత్తం నాలుగు క్రెడిట్లు అని దానికి అర్థం. ఐరోపాలో వాడే ఈసీటీఎస్ క్రెడిట్ విద్యార్థి పడే మొత్తం శ్రమను కొలుస్తుంది. ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల పని, ఏడాదికి 60 క్రెడిట్లు. తరగతిలో కూర్చున్న సమయంతో పాటు ఇంటి దగ్గర చదువు, అసైన్‌మెంట్లు, పరీక్షకు తయారు కావడం, పరీక్ష రాయడం అన్నీ ఆ గంటలలోనే కలుస్తాయి. ఆర్18లో నాలుగేళ్ల బీటెక్ మొత్తం 160 క్రెడిట్లు. నాలుగేళ్ల ఐరోపా చదువు 240. కాబట్టి మన క్రెడిట్‌ను ఒకటిన్నరతో గుణిస్తే వాళ్ల క్రెడిట్ వస్తుందని చాలా చోట్ల ఒప్పుకుంటారు. నాలుగు క్రెడిట్ల సబ్జెక్టు ఆరు ఈసీటీఎస్ అవుతుంది, మూడు క్రెడిట్లది నాలుగున్నర అవుతుంది.

ఆ లెక్కన నా గణితం ఇలా ఉంది. మ్యాథమెటిక్స్-1కు ఆరు, మ్యాథమెటిక్స్-2కు ఆరు, రెండో ఏడాదిలో చదివిన లాప్లాస్ ట్రాన్స్‌ఫార్మ్స్, న్యూమరికల్ మెథడ్స్ అండ్ కాంప్లెక్స్ వేరియబుల్స్‌కు ఆరు. మొత్తం పద్దెనిమిది. వాళ్ల లేఖలో ఉన్న అంకె కూడా సరిగ్గా అదే. అయితే రెండో ఏడాదిలోనే ప్రాబబిలిటీ థియరీ అండ్ స్టొకాస్టిక్ ప్రాసెసెస్ అనే మూడు క్రెడిట్ల సబ్జెక్టు కూడా చదివాను. అది కలిస్తే ఇరవై రెండున్నర. వాళ్లు అడిగినదాని కంటే ఎక్కువే. మరి అది ఎక్కడికి పోయింది?

మెమోలో ఆ సబ్జెక్టు కోడు చూశాక విషయం తెలిసింది. మిగిలిన మూడు గణితం సబ్జెక్టుల కోడు ఎంఏ అనే అక్షరాలతో మొదలవుతుంది. ప్రాబబిలిటీ కోడు మాత్రం ఈసీతో మొదలవుతుంది, ఎందుకంటే మా దగ్గర దాన్ని చెప్పేది గణిత విభాగం కాదు, ఎలక్ట్రానిక్స్ విభాగం. కన్సల్టెన్సీలో ఫారం నింపినవాళ్లు ఆ రెండు అక్షరాలు చూసి దాన్ని ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ వర్గంలో వేశారు. అక్కడ నాకు క్రెడిట్లు ఎలాగూ అవసరానికి మించి ఉన్నాయి. పరిశీలించినవారు నేను ఏ వర్గంలో చూపించానో ఆ వర్గంలోనే చూశారు, నేను ఇవ్వని సమాచారాన్ని వాళ్లు ఊహించుకోలేదు.

విశ్వవిద్యాలయానికి ఈమెయిలు రాశాను. సబ్జెక్టు వివరాలు ఇప్పుడు పంపితే పరిశీలిస్తారా అని అడిగాను. గడువు ముగిసిన తరువాత అందిన పత్రాలను లెక్కలోకి తీసుకోలేమని, వచ్చే ఏడాది మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చని మర్యాదగా జవాబు వచ్చింది. బాధ కలిగింది గానీ, గడువులోపల అన్నీ సరిగ్గా పంపినవాళ్లతో పోలిస్తే నాకు ప్రత్యేకంగా మినహాయింపు ఇవ్వమనడం న్యాయం కాదని నాకే అనిపించి, అంతటితో వదిలేశాను.

తరువాత రెండు నెలలు వేరే పొరపాటు చేశాను. గణితం తక్కువైంది కదా, కొత్తగా చదివి పూడ్చుకుందామని ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో పన్నెండు వారాల గణితం కోర్సులో చేరాను. సగం దాకా వచ్చాక అనుమానం వచ్చి, దరఖాస్తు చేయాలనుకున్న మరో రెండు విశ్వవిద్యాలయాల ప్రవేశాల కార్యాలయాలకు రాసి అడిగాను. డిగ్రీ ట్రాన్‌స్క్రిప్టులో నమోదు కాని కోర్సును అర్హత క్రెడిట్ల కింద తీసుకోలేమని రెండు చోట్ల నుంచీ ఒకే జవాబు వచ్చింది. డిగ్రీ చదువుతున్న రోజుల్లోనే కాలేజీ అనుమతితో ఆ కోర్సు చేసి, దాని క్రెడిట్లను మెమోలోకి ఎక్కించుకుని ఉంటే సంగతి వేరు. కోర్సు పూర్తి చేశాను, నేర్చుకున్నది పనికొచ్చింది, కానీ ఆ సర్టిఫికెట్‌తో లోటు మాత్రం తీరలేదు. ఇప్పుడు మూడో ఏడాదిలో ఉన్నవాళ్లు ఈ సంగతి ముందే తెలుసుకోవడం మంచిది, డిగ్రీ చేతికొచ్చాక ఈ తలుపు మూసుకుపోతుంది.

దారి చూపింది మా కాలేజీలోనే నాకంటే మూడేళ్లు ముందు చదివి జర్మనీ వెళ్లిన ఒక అక్క. ఫోనులో నేను చెప్పిందంతా ఓపిగ్గా విని, “నీ మెమోలో సబ్జెక్టు పేరుంది, గ్రేడుంది. లోపల ఏం చెప్పారో వాళ్లకెలా తెలుస్తుంది? మాడ్యూల్ వివరణలు, అంటే ఒక్కో సబ్జెక్టులో ఏం చెప్పారో రాసిన పేజీలు, పంపావా?” అని అడిగింది. పంపలేదన్నాను. “ఇంకో మాట, నువ్వు వెబ్‌సైట్‌లో అర్హతల పేజీ చదివావా, ప్రవేశ నిబంధనల పత్రం చదివావా?” అంది. నేను చదివింది వెబ్‌సైటే. ఇంగ్లిష్‌లో ఉన్న ఆ పేజీ సారాంశం మాత్రమేనని, చట్టబద్ధమైన నిబంధనలు జర్మన్ భాషలో విడిగా పీడీఎఫ్ రూపంలో ఉంటాయని, ఏ వర్గంలో ఏ విషయాలు లెక్కకు వస్తాయో దాని అనుబంధంలో రాసి ఉంటుందని అప్పుడే తెలిసింది.

ఆ పత్రాన్ని నిఘంటువు పక్కన పెట్టుకుని, అనువాద యంత్రం సాయంతో వాక్యం వాక్యం చదివాను. గణితం వర్గం కింద సరళ బీజగణితం, విశ్లేషణ గణితం పేర్ల తరువాత మూడో మాట ‘స్టొఖాస్టిక్’ అని ఉంది. జర్మన్ భాషలో సంభావ్యత, సాంఖ్యక శాస్త్రం రెండింటినీ కలిపి పిలిచే మాట అది. నా మెమోలో ఉన్న సబ్జెక్టు పేరులోనూ అదే మాట ఉంది. ఏడాది ముందు ఎవరైనా ఈ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూసి ఉంటే సరిపోయేది. ఆ పని చేయవలసింది నేనేనని నాకు అప్పటిదాకా తెలియదు.

అప్పటి నుంచి ఆ చలికాలమంతా ఒక్కటే పని. ఆర్18 ఈసీఈ సిలబస్ పుస్తకం ముందు పెట్టుకుని, చదివిన ప్రతి సబ్జెక్టుకూ ఒక పేజీ వివరణ తయారు చేశాను. మెమోలో ఉన్నది ఉన్నట్లుగా పేరు, కోడు, మన క్రెడిట్లు, ఈసీటీఎస్ క్రెడిట్లు, తరగతి గంటలు, సొంత చదువు గంటలు, అయిదు యూనిట్లలోని అంశాలు, పరీక్ష పద్ధతి, పాఠ్యపుస్తకం, చివరగా ఆ సబ్జెక్టు సిలబస్ పుస్తకంలో ఏ పేజీలో ఉందో ఆ సంఖ్య. గంటల దగ్గర నిజాయితీగా లెక్క చూపించడం ముఖ్యమని అక్క పదే పదే చెప్పింది. వారానికి నాలుగు గంటల చొప్పున పదహారు వారాలకు 64 గంటల తరగతి. ఆరు ఈసీటీఎస్ అంటే కనీసం 150 గంటలు. మిగిలిన 86 గంటలు ఎక్కడి నుంచి వచ్చాయని ఎవరైనా అడిగితే రెండు మిడ్ పరీక్షలు, అసైన్‌మెంట్లు, సెమిస్టర్ చివరి పరీక్షకు చదివిన రోజులు చూపించగలగాలి. చూపించగలిగాను, ఎందుకంటే నిజంగానే అన్ని గంటలు చదివాను.

ప్రాబబిలిటీ సబ్జెక్టు పేజీ మీద అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాను. సంభావ్యత మూలసూత్రాలు, యాదృచ్ఛిక చలరాశులు, వాటి మీద చేసే గణిత ప్రక్రియలు, యాదృచ్ఛిక ప్రక్రియల కాల లక్షణాలు, వర్ణపట లక్షణాలు అన్నీ గణితమే. చివరి యూనిట్‌లో మాత్రం నాయిస్, ఇన్ఫర్మేషన్ థియరీ ఉన్నాయి, అవి కమ్యూనికేషన్స్‌కు దగ్గరివి. దాన్ని దాచిపెట్టాలా అని ఒక క్షణం ఆలోచించాను. దాచలేదు. ఆ ఒక్క యూనిట్ తీసేసినా అయిదింట నాలుగు వంతులు, అంటే 3.6 క్రెడిట్లు మిగులుతాయి, పద్దెనిమిదితో కలిపితే 21.6 అవుతుంది, అప్పటికీ ఇరవై దాటుతుందని కింద ఒక వాక్యం రాశాను. ఆ పత్రం మొత్తంలో నాకు ఎక్కువ తృప్తినిచ్చిన వాక్యం అదే.

ఇలాంటిదే ఇంకో చిక్కు విద్యుదయస్కాంత క్షేత్రాల దగ్గర వచ్చింది. ఒక విశ్వవిద్యాలయం ఆ విషయంలో ఆరు క్రెడిట్లు అడిగింది. ఎలక్ట్రోమాగ్నెటిక్ ఫీల్డ్స్ అండ్ వేవ్స్ సబ్జెక్టుకు మాకు మూడు క్రెడిట్లే, అంటే నాలుగున్నర. కానీ నెట్‌వర్క్ అనాలిసిస్ అండ్ ట్రాన్స్‌మిషన్ లైన్స్ అనే సబ్జెక్టులో, అయిదు యూనిట్లలో చివరి రెండూ పూర్తిగా ట్రాన్స్‌మిషన్ లైన్లకు సంబంధించినవే. ఒక సబ్జెక్టును రెండు వర్గాల మధ్య విడగొట్టి చూపవచ్చా అని ముందే రాసి అడిగాను. యూనిట్ల వారీగా ఆధారం చూపితే, ఒకే గంటలను రెండు చోట్ల లెక్కించకపోతే పరిశీలిస్తామని చెప్పారు. నాలుగున్నరలో అయిదింట రెండు వంతులు 1.8. మొత్తం 6.3. సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్‌లోనూ ఫోరియర్ శ్రేణులు, లాప్లాస్, జడ్ ట్రాన్స్‌ఫార్మ్‌లు ఉన్నాయి కదా, దాన్ని కూడా సగం గణితంలో వేయమని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. వేయలేదు. అవసరం లేని చోట సాగదీస్తే అవసరమైన చోట చెప్పిన మాటను కూడా అనుమానిస్తారని నా అభిప్రాయం, ఇప్పటికీ అదే అనుకుంటున్నాను.

పత్రం తయారయ్యాక దానికి కాలేజీ ధ్రువీకరణ కావాలి. ఒక శనివారం సెలవు పెట్టి కాలేజీకి వెళ్లాను. మా హెచ్‌ఓడీ సార్ నన్ను గుర్తుపట్టి కూర్చోబెట్టారు గానీ, పేజీల కట్ట చూసి ఆశ్చర్యపోయారు.

“సిలబస్ యూనివర్సిటీ వెబ్‌సైట్‌లోనే ఉంది కదమ్మా, మళ్లీ మన స్టాంపు ఎందుకు?”

“నేను చదివింది ఈ సిలబసేనని కాలేజీ చెబితేనే వాళ్లు తీసుకుంటారు సార్. పోయినసారి ఇది లేకనే ఆగిపోయింది.”

ఆయన కళ్లజోడు సర్దుకుని ప్రాబబిలిటీ పేజీ తీసి, నేను రాసిన యూనిట్లను సిలబస్ పుస్తకంతో ఒక్కొక్కటీ సరిపోల్చి చూశారు. ఒక చోట నేను తరగతి గంటలు 64 అని పొరపాటుగా వేసి ఉంటే, “ఇది మూడు క్రెడిట్ల పేపరమ్మా, నలభై ఎనిమిది గంటలే” అని పెన్సిలుతో దిద్దారు. ఆ తప్పు అలాగే వెళ్లి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. ఆ పేజీ మళ్లీ ప్రింటు తీయించాను. తరువాత అటెండరు ఊదారంగు సిరా ప్యాడ్ తెచ్చి పెడితే, సార్ ప్రతి పేజీ అడుగున సంతకం చేస్తూ పోయారు, నేను పక్కన నిలబడి స్టాంపు వేస్తూ పోయాను. నలభై ఒక్క పేజీలు. చివరికి వచ్చేసరికి సిరా పలచబడి, ఆఖరి పేజీల మీద కాలేజీ పేరు సగమే పడింది, వాటి మీద రెండోసారి వేయవలసి వచ్చింది.

మిగిలిన పనులు త్వరగా అయిపోయాయి. మన చదువు పత్రాలను జర్మనీ తరఫున పరిశీలించి ఇచ్చే, మన దేశపు విద్యార్థులకు 2022 నవంబరు నుంచి తప్పనిసరి చేసిన ఏపీఎస్ ధ్రువపత్రం మొదటిసారి దరఖాస్తు చేసినప్పుడే 18,000 రూపాయలు కట్టి తీసుకున్నాను కాబట్టి దాని బాధ లేకపోయింది. విదేశీ విద్యార్థుల దరఖాస్తులను విశ్వవిద్యాలయాల తరఫున ముందుగా పరిశీలించే యూని-అసిస్ట్ ద్వారా వెళ్లవలసిన దరఖాస్తులకు మొదటిదానికి 75 యూరోలు, తరువాతి ఒక్కోదానికి 30 యూరోలు కట్టాను. గ్రేడు మార్పిడి కూడా నేనే లెక్కవేసి సరిచూసుకున్నాను. గరిష్ఠ గ్రేడు 10, డిగ్రీ పాసవడానికి కనీసం 5, నాది 8.1. గరిష్ఠం నుంచి నా గ్రేడు తీసేసి, దాన్ని గరిష్ఠ కనిష్ఠాల తేడాతో భాగించి, మూడుతో గుణించి ఒకటి కలిపితే 2.14 వచ్చింది. జర్మనీలో 1 అన్నిటికంటే మంచి గ్రేడు, 4 పాసు. ఆ అంకె బాగానే ఉంది. కానీ మొదటి ఏడాదీ బాగానే ఉంది. సబ్జెక్టుల అర్హత దాటితేనే ఆ అంకెను చూస్తారు. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం వంటి చోట్ల కొన్ని కోర్సులకు ఈ సబ్జెక్టుల పోలికను పాఠ్యాంశ విశ్లేషణ అనే పట్టిక రూపంలో దరఖాస్తుదారు చేతనే నింపిస్తారు. అలా అడిగినా అడగకపోయినా, నేను ఈసారి ప్రతి దరఖాస్తుకూ ఆ పట్టికను ముందు పేజీగా జతచేశాను.

2024లో నాలుగు చోట్ల దరఖాస్తు చేశాను. ఒక చోట సీట్ల పోటీలో రాలేదు, దానికి బాధ పడలేదు, నా గ్రేడు కంటే మంచి గ్రేడున్నవాళ్లు ఉన్నారు. మొదటి ఏడాది తిరస్కరించిన విశ్వవిద్యాలయం గణితంలో 22.5 క్రెడిట్లు గుర్తించి ప్రవేశం ఇచ్చింది, ఆ 4.5ను పూర్తిగా ఒప్పుకున్నారు. మూడో చోట ఇచ్చిన ప్రవేశానికి ఒక షరతు పెట్టారు. చేరిన తరువాత ఏడాదిలోపు బ్యాచిలర్స్ స్థాయి గణితంలో ఆరు క్రెడిట్ల కోర్సు ఒకటి అదనంగా పాసు కావాలి. ఇలాంటి షరతును తిరస్కరణగా భావించి వదులుకున్నవాళ్లను నేను చూశాను, వదులుకోవద్దని వాళ్లకు చెప్పేవాళ్లు లేకపోయారు. నాలుగో చోటి నుంచి జవాబు వచ్చేసరికే నేను ముందటి ఏడాది తిరస్కరించిన ఆ విశ్వవిద్యాలయంలోనే చేరడానికి ఒప్పుకుంటూ రాసేశాను.

ఈ మధ్య మా పిన్ని కూతురు ఇంటర్ బైపీసీ చదువుతూ, కెనడాలో టొరంటో విశ్వవిద్యాలయంలో లైఫ్ సైన్సెస్ చదవాలని ఉందక్కా అంది. ప్రధాన ప్రాంగణంలో ఆ ప్రవేశానికి పన్నెండో తరగతి స్థాయి కలనగణితం అడుగుతారు. బైపీసీలో గణితమే లేదు. పదో తరగతి అయిపోగానే, పదిహేనేళ్ల వయసులో, ఇక్కడి ప్రవేశ పరీక్ష ఒక్కటే మనసులో పెట్టుకుని గ్రూపు ఎంచుకున్న పిల్లకు ఈ సంగతి ఎవరు చెబుతారు? దానికి ఇంకా ఒకటిన్నర ఏడాది ఉంది కాబట్టి, గణితం అడగని కోర్సులు ఏవో, గణితం విడిగా రాయడానికి ఉన్న పరీక్షలలో ఆ విశ్వవిద్యాలయం దేన్ని ఒప్పుకుంటుందో ప్రవేశాల కార్యాలయానికే రాసి అడగమని చెప్పాను. జవాబును ఫోనులో వినకుండా, ఈమెయిల్లో తీసుకుని దాచుకోమన్నాను.

మా కాలేజీ జూనియర్లు కొందరు నా మాడ్యూల్ వివరణల పత్రం పంపమని అడుగుతున్నారు. నమూనాగా చూసుకోవడానికి తప్పకుండా పంపుతున్నాను, కానీ దాన్ని పేరు మార్చి వాడుకోవద్దని ప్రతి ఒక్కరికీ చెబుతున్నాను. వాళ్లలో ఎక్కువమంది 2022లో వచ్చిన ఆర్22 నిబంధనల కిందివాళ్లు. నేను రెండో ఏడాది గణితంలో చదివిన లాప్లాస్ ట్రాన్స్‌ఫార్మ్స్ వాళ్లకు మొదటి ఏడాది గణితంలోకి వెళ్లిపోయింది, రెండో ఏడాది సబ్జెక్టు పేరులోంచి ఆ మాటే పోయింది. నా పేజీని అలాగే పంపితే వాళ్ల మెమోలో లేని పేరు వాళ్ల పత్రంలో ఉంటుంది. వాళ్ల సిలబస్ పుస్తకం వాళ్లే తెరిచి, మొదటి సబ్జెక్టు దగ్గర ఎల్, టీ, పీ, సీ అంకెలు చూసి రాయడం మొదలుపెట్టాలి.